ఎవరూ పెట్టని నాలుగో పాయింటు

ముందు వార్త చెప్పేస్తాను, కథ తర్వాత. కడుపులో దాచుకుని కూర్చోవడం నా వల్ల కావడం లేదు. నేను డిగ్రీ పాసయ్యాను!

అరవై రెండేళ్ల వయసులో, రిటైరైన నాలుగేళ్లకు. మొన్న పొద్దున మనవరాలు ఫోనులో నా హాల్ టికెట్ నంబరు కొట్టి "తాతా, పాస్!" అని అరిచింది. మళ్లీ కొట్టమన్నాను. మళ్లీ పాసే. మూడోసారి నేనే కళ్లద్దాలు తుడుచుకుని ఒక్కొక్క అంకె మీద వేలు పెట్టి సరిచూసుకున్నాను. మా తాతది వేలిముద్ర. మా బాపుది వేలిముద్ర. నేను ఏడో తరగతి దగ్గర ఆగిపోయినవాణ్ని. మా ఇంట్లో ఒకరి పేరు పక్కన బి.ఎ. అని రాసుకోవచ్చని ఆ పొద్దున తెలిసింది. వేల్పూర్ బస్టాండులో మిఠాయి కొని కనపడ్డ ప్రతి మనిషికీ పెట్టాను. నిజామాబాద్ బస్సు కండక్టరు చేతిలో కూడా ఒకటి పెట్టాను. "ఎవరి పెండ్లి కాకా?" అన్నాడు. "నాదే" అన్నాను.

మా ఇంటావిడ మాత్రం ఏమీ చలించలేదు. "అయితే ఏందట? ఇప్పుడు నిన్ను కలెక్టర్ను జేస్తరా? పో, బర్రెకు నీళ్లు వెట్టు" అంది. పెట్టాను. ఒక పట్టభద్రుడు పెడుతున్న నీళ్లని బర్రె కూడా గుర్తించలేదు.

నిజామాబాద్‌లో ఓపెన్ యూనివర్సిటీ ఆదివారం క్లాసులకు పోయినప్పుడు నా పక్కన కూర్చునే వాళ్లంతా నా పిల్లలకన్నా చిన్నవాళ్లు. నన్ను "కాకా" అనేవాళ్లు. నోట్సులిచ్చేవాళ్లు, నా టిఫిన్ డబ్బాలోని పచ్చడి ఎత్తుకుపోయేవాళ్లు. ఆఖరి పరీక్ష రాసి బయటికొచ్చి చాయ్ తాగుతుంటే వాళ్లలో ఒకమ్మాయి అడిగింది.

"కాకా, అందరు చెప్పింది ఇన్న. కోచింగుకు పోయిన. గోడకు టైంటేబుల్ అంటువెట్టిన. ఒక్కటి గూడ నేననుకున్నట్టు కాలే. ఇగ ఏంజెయ్యాలె?"

ముసలివాళ్ల నోటికి సలహాలు తొందరగా వస్తాయి. నాకూ వచ్చాయి. కానీ ఆ పిల్ల మొహం చూస్తే, బోధన్ వైపు ఒక ఊళ్లో రేకు పెట్టె మీద కూర్చున్న ఇంకో పిల్ల మొహం గుర్తుకొచ్చింది. ఆ ముచ్చట ఒక కప్పు చాయ్‌లో అయ్యేది కాదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను, ఆ అమ్మాయి కోసమూ, ఆ ఈడు వాళ్లందరి కోసమూ.

నేను తాగునీళ్ల శాఖలో బోర్లు వేసే రిగ్గు మీద ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. హెల్పరుగా చేరి డ్రిల్లర్నయ్యాను. పని చెప్పడం సులువే. రిగ్గు లారీని పాయింటు మీద, అంటే బోరు వేయాలని గుర్తుపెట్టిన చోట, నిలబెట్టాలి. జాకీలు దించి, కింద మొద్దులు పెట్టి, బండిని సమంగా లేపాలి. తర్వాత రాడ్డు మీద రాడ్డు ఎక్కిస్తూ బండను తొలుచుకుంటూ పోవాలి. వెనక ఇంకో బండి మీద ఉండే కంప్రెసర్ గాలి కొడుతుంటే లోపలి రాతిపొడి పైకి లేస్తుంది. పొడి తెల్లగా లేస్తున్నంతసేపు కింద ఏమీ లేదని అర్థం. అది తడిసి ముద్దలుగా వచ్చిందా, పోయిన ప్రాణం లేచొస్తుంది. భూమి లోపల ఏముందో తొలిచేదాకా ఎవరికీ తెలియదు. తెలిసినట్టు మాట్లాడేవాళ్లు మాత్రం ప్రతి పాయింటు దగ్గరా పదిమంది ఉంటారు. ఆ పదిమందిలో అందరికన్నా గట్టిగా మాట్లాడేది నేనే.

అవును, నాకు పొగరుండేది. నేను వేసిన బోరు ఎండదని నలుగురూ అంటే నిజమనుకున్నాను. ఎండిన బోర్లు కూడా ఉన్నాయి, కానీ వాటిని నేను పాయింట్లు పెట్టే సార్ల ఖాతాలో వేసేవాణ్ని.

ఆ రేకు పెట్టె పిల్లది బోధన్ వైపు ఊళ్లో ఉన్న ఆడపిల్లల హాస్టలు, మేము బోరు వేయడానికి పోయింది అక్కడికే. చుట్టూ ఒకప్పుడు చెరుకు పొలాలే. బోధన్‌లో మిల్లు ఆగిపోయాక చెరుకు తగ్గి వరి పెరిగింది, ఉన్న కొద్ది చెరుకు ట్రాక్టర్ల మీద దూరం మిల్లులకు పోయేది. హాస్టలు మాత్రం గట్టి రాతి గడ్డ మీద కట్టారు. నూట ఇరవై మంది పిల్లలు. ఆ ఏడు కాలువ రాలేదు, హాస్టలు బోరు ఎండింది. పొద్దున ఒక ట్యాంకరు వచ్చేది, అది తాగడానికీ వంటకూ సరి. స్నానాలు వారానికి రెండు. అప్పుడా ట్యాంకరు నింపే బోరు కూడా గాలి కక్కడం మొదలుపెట్టింది.

పదో తరగతి పరీక్షలకు పదిహేను రోజులుంది. నీళ్లు కుదరకపోతే హాస్టలు మూసి పిల్లల్ని ఇళ్లకు పంపేయాలని పైనుంచి కాగితం వచ్చింది. పరీక్షలకు ఇంటి నుంచే వచ్చి రాస్తారట. కాగితం మీద బాగానే ఉంటుంది.

వార్డెన్ మేడం మేము దిగిన పొద్దున్నే నన్ను పక్కకు పిలిచింది. "సూడు అన్నా, ఇది పసుపు ఉడకవెట్టే రోజులు. ఇంటికి పోయిన పిల్లను ఎవలు కూసోవెట్టి సదివిస్తరు? పనికి తీస్కపోతరు. నిరుడు జరమొచ్చిందని నలుగురిని ఇండ్లకు పంపిన. ఇద్దరు పరీక్షకు రానేలేదు. గీసారి నలభై మంది పదోది రాయాలె. నాకు నీళ్లు గావాలె, గంతే" అంది.

"ఎల్లుండి పొద్దుగూకెవరకు నీళ్లు తాపిస్త మేడం. రాసియ్యుమంటె రాసిస్త" అన్నాను. వరండాలో పుస్తకాలు పట్టుకుని నిలబడ్డ పిల్లలు విన్నారు. చప్పట్లు కూడా కొట్టారు. అదీ నా పొగరు.

మాకు మూడు పాయింట్లకు అనుమతి ఉంది. నాలుగో రోజు పొద్దున రిగ్గు ధర్పల్లి వైపు పోవాలి, అక్కడా జనం బిందెలు పట్టుకుని కూర్చున్నారు.

మొదటి పాయింటు నీళ్ల జాడ చూసే సారుది. పడుచు మనిషి, కొత్త నౌకరీ. ఇనుప కడ్డీలు నేలలోకి దిగ్గొట్టి, వాటికి వైర్లు కట్టి, పెట్టెలో ముల్లు చూసి అంకెలు రాసుకునేవాడు. ఎండలో గొడుగు కూడా లేకుండా సగం రోజు చూశాడు. నిజాయితీగా చూశాడు, ఆ మాట ఇప్పటికీ అంటాను. "రెండు వందల ఫీట్ల లోపలనే పడాలె" అన్నాడు. మూడు వందలు పోయాం. పొడే. తల మీద పడ్డ పొడి దులుపుకోవడం కూడా మరిచి, సారు తన కాగితాల్ని వెనక్కీ ముందుకీ తిప్పుకుంటూ నిలబడ్డాడు.

రెండో రోజుకు సర్పంచి కొబ్బరికాయ చూసేవాణ్ని తోలుకొచ్చాడు. అరచేతిలో కాయను అడ్డంగా పెట్టుకుని ఉత్తకాళ్లతో నడుస్తాడు, నీళ్లున్న చోట కాయ లేచి నిలబడుతుంది. కాగితం మీద రెండో పాయింటూ సారుదే. ఆయన మా వంక చూసి, వెనక్కి తిరిగి, "నేను అటు దిక్కు సూస్తలేను. కానియ్యుండ్రి" అన్నాడు. కాయ లేచింది, నా కళ్లతో చూశాను. పూజ చేసి, అదే కాయ కొట్టి, మొదలుపెట్టాం. సాయంత్రందాకా పొడి.

"నీళ్లయితె ఉన్నయి. జర పక్కకున్నయి" అన్నాడు కొబ్బరికాయ మనిషి.

"పక్కకంటె? నిజామాబాద్ జిల్లాలనేనా?" అన్నాడు మా డ్రైవరు.

ఆ డ్రైవరు గురించి చెప్పాలి. బోధన్ మనిషి, నాకన్నా రెండేళ్లు పెద్ద. ఎంత పనిలో ఉన్నా నమాజు వేళకు లారీ నీడలో తువ్వాల పరుచుకునేవాడు. నన్ను "ఉస్తాద్" అనేవాడు, నేను "భాయ్" అనేవాణ్ని. పదకొండేళ్లు ఒకే బండి మీద తిరిగాం.

మూడో పాయింటు నాది. ఎవరికీ చెప్పకుండా మొదటి రోజే చూసిపెట్టుకున్నాను. హాస్టలు గోడ మూలన ఒక మేడిచెట్టు ఉంది, ఎండాకాలం మొదట్లో కూడా పచ్చగా. మేడిచెట్టు కింద జల ఉంటుందని నాకు పని నేర్పిన పెద్ద డ్రిల్లరు చెప్పేవాడు. "సార్లది అయింది, కొబ్బరికాయది అయింది. ఇగ ఈ ముసలి చెయ్యి సూడుండ్రి" అన్నాను. పిల్లలు గోడ మీదికెక్కి చూస్తున్నారు. మూడు వందల యాభై ఫీట్లు పోయాం. చివరి యాభై నేను పంతానికి పోయినవి. పొడి లేచి మేడిచెట్టు ఆకులన్నీ తెల్లబడ్డాయి. పిల్లలు ఒక్కొక్కరే గోడ దిగిపోయారు. ఒక్కరైనా తిట్టుంటే బాగుండేది.

ఆ సాయంత్రమే అకాల వాన కొట్టింది. వడగళ్లతో కొట్టింది. కళ్లాల్లో ఆరబోసిన పసుపు మీద పట్టాలు కప్పడానికి ఊరు ఊరంతా ఉరికింది. కింద చుక్క లేదు, పైనుంచి అక్కర్లేని నీళ్లు. ఆ వానను నేను తిట్టని తిట్టు లేదు.

నాలుగో రోజు పొద్దున సామాను సర్దుకున్నాం. మేడం కాగితం ప్రకారం తల్లిదండ్రులకు కబురు పెట్టేసింది. అప్పటికే గేటు దగ్గర ఆటోలు, మోపెడ్లు ఆగి ఉన్నాయి. పిల్లలు పెట్టెలు మోసుకొస్తున్నారు, మేడం రిజిస్టరులో సంతకాలు పెట్టించుకుంటోంది. గేటు పక్కనే ఒక పదో తరగతి పిల్ల రేకు పెట్టె మీద కూర్చుని లెక్కల పుస్తకం చూసుకుంటోంది. డీజిల్ డబ్బా కోసం అటు పోయిన నన్ను చూసి తలెత్తింది.

"కాకా, ఎల్లుండి అన్నరు గదా?"

ఎగతాళి కాదది. లెక్కలో ఎక్కడో తప్పు దొరకనప్పుడు టీచరును అడిగినట్టు అడిగింది.

నేను డబ్బా కూడా తీసుకోకుండా వెనక్కి తిరిగొచ్చి, "భాయ్, గేటు ముందట నుంచి వద్దు. ఎనుక బండ్ల బాట పట్టు" అన్నాను.

"వాన వడ్డది ఉస్తాద్. అది రేగడి. దిగవడ్తది."

"ఏం గాదు. నేను జెప్తున్న, పోనియ్."

నా ఉద్యోగంలో నేనిచ్చిన అన్ని ఆర్డర్లలోకీ బుద్ధి లేని ఆర్డరు అదే. సిగ్గుతో ఇచ్చిన ఆర్డరు. గోడ దాటి ఇరవై అడుగులు పోయామో లేదో, వెనక ఎడమ చక్రాలు ఇరుసుదాకా కూరుకుపోయాయి. భాయ్ ఇంజన్ ఆపి, స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టి, నా వంక చూడకుండా "మాషా అల్లా" అన్నాడు.

చెరుకు నింపుకుని పోతున్న ట్రాక్టరును ఆపాం. దాని డ్రైవరు మహారాష్ట్ర మనిషి, పాపం మంచివాడు, తొట్టెలు విప్పి పక్కన పెట్టి గొలుసు కట్టి లాగాడు. చక్రాలు ఇంకో జానెడు దిగాయి. రెండోసారి లాగితే గొలుసు తెగింది. "నాహీ నిఘత్ భావు" అని, ఇది బయటికి రాదన్నట్టు తల అడ్డంగా ఊపి, వేరే గొలుసు తెస్తానని ఊళ్లోకి పోయాడు.

ఇక మిగిలింది ఒకటే దారి. రిగ్గు జాకీలు దించి, బండిని లేపి, చక్రాల కింద రాళ్లు పేర్చాలి. బురదలో మొద్దులు మునిగిపోతుంటే మొద్దు మీద మొద్దు వేసి, పొద్దు నడినెత్తికొచ్చే వేళకు బండిని నాలుగు వైపులా సమంగా లేపాం. బట్టలు, మీసాలు అన్నీ బురదే.

అప్పుడే హాస్టలులో వంట చేసే అవ్వ గోడ చుట్టూ తిరిగి మా కోసం రొట్టెల మూట తెచ్చింది. నీళ్లు ఇవ్వలేకపోయిన వాళ్లకు రొట్టెలు! జాకీల మీద లేచి ఉన్న బండి చుట్టూ అవ్వ ఒకసారి తిరిగి చూసింది.

"ఏమయ్యా, బోరు ఏసేటప్పుడు గూడ గిట్లనే నిలవెడ్తరు గదా?"

"అవునవ్వా."

"మరి నిలవడ్డది గదా. ఈడనే దించరాదు?"

నవ్వాను. "గిది పాయింటు గాదవ్వా."

"పాయింటు వెట్టిన కాడల్ల ఏం పారింది బిడ్డా?" అంది అవ్వ. ఎత్తిపొడుపు కాదు, నిజంగా అడిగింది. ఆ రోజు నన్ను ఒక మనిషి ఇలా నిజంగా అడగడం అది రెండోసారి.

భాయ్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "ఉస్తాద్, మూడు జాగలల్ల బండిని మనం ఆపినం. గీడ మనల బండి ఆపింది. ఎవలు ఆపిచ్చిండ్రో నీకెర్క, నాకెర్క."

పిల్లలూ, ఇక్కడ మీరు నన్ను వీరుడనుకోకండి. నాకు భయమేసింది. అనుమతి లేని చోట బోరు వేస్తే సస్పెన్షనే. నౌకరీ ఇంకా కొన్నేళ్లుంది. అది గోడ అవతలి సర్కారు బాట, ఎవరి పొలమూ కాదు, అంతవరకు నయం. ఇంజినీర్ సారుకు ఫోను చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"హలో? హలో? లైను సరిగ్గ వస్తలేదయ్యా. నువ్వేమన్నవో నాకు ఇనవడలే" అన్నాడు సారు. తర్వాత అంతే స్పష్టంగా, "రేపు పొద్దుగాల మాత్రం ధర్పల్లిల ఉండాలె" అని పెట్టేశాడు.

పైమట్టి కూలకుండా బోరులో దించే కేసింగ్ పైపులు మూడు మిగిలాయి. డీజిల్ సగం డ్రమ్ము ఉంది. కంప్రెసర్ బండి మా వెనక గట్టి నేల మీదే ఆగి ఉంది. ఏ పని మొదలుపెట్టినా కొబ్బరికాయ కొట్టడం రిగ్గు మీద ఆచారం. కాయలన్నీ ఎండిన మూడు బోర్లకే అయిపోయాయి. అవ్వ ఆ ట్రాక్టరు తొట్టె నుంచి ఒక చెరుకు గడ లాగి, ఇనుప మెట్టు మీద ఫటుక్కున విరిచింది. రసం కారి రాడ్డు మీద పడింది. "కాయ అయితేంది, గడ అయితేంది, తియ్యగున్నది గదా" అంది.

నేను కళ్లు మూసుకున్నాను. పెద్ద భక్తుణ్నేమీ కాదు, మంత్రాలు రావు. మనసులో అనుకున్నది ఇంతే: దేవుడా, సారు లెక్క అయిపోయింది. కొబ్బరికాయ అయిపోయింది. నా తెలివీ అయిపోయింది. నీళ్లు తాపిస్తనని మాటిచ్చింది నేను, శిక్ష పడేది పిల్లలకు. నాకు ఇక్కడేముందో తెలియదు. నీకు తెలుసు. ఇక నువ్వే దిక్కు.

ముప్పై ఏళ్లలో నేను 'నాకు తెలియదు' అని మొదలుపెట్టిన మొట్టమొదటి బోరు అది.

కంప్రెసర్ చప్పుడు వినగానే గోడ మీద తలలు మొలిచాయి. మేడం ఉరికొచ్చింది. "అన్నా, ఏమయితున్నది? పదకొండు మంది ఎల్లిపోయిండ్రు. మిగిలినోళ్లను ఆపాల్నా, పంపాల్నా?"

"తెల్వది మేడం" అన్నాను. "రెండు గంటలు ఆపగల్గుతరా?"

ఆమె నా మొహం చూసింది. మొదటి రోజు ధీమాగా చెప్పినప్పుడు కూడా ఆమె నన్ను అంత నమ్మలేదనుకుంటాను. గేటుకు పోయి రిజిస్టరు మూసేసింది.

రేగడి దాటి, మొరం దాటి, ముప్పై ఐదు అడుగుల దగ్గర బండ తగిలింది. కేసింగ్ దించాం. అక్కడి నుంచి పొడి. వంద అడుగులకు పొడి. నూట యాభైకి పొడి. గేటు దగ్గరున్న తండ్రులు కొందరు ఇటే వచ్చి నిలబడ్డారు. రేకు పెట్టె పిల్ల తండ్రి కూడా వచ్చాడు, వెనకే పిల్ల. ఆయన కాళ్లకు మోకాళ్లదాకా పసుపు మరకలు.

"ఎంతసేపయ్యా? వానకు పసుపంత తడిసింది. మల్ల ఆరవొయ్యాలె. ఇంట్ల మనిషి లేదు" అన్నాడు.

"జర ఆగు బాపు" అంది పిల్ల.

"ఆగుతున్న గదనే. ఇంకో రెండు కట్టెలు దించేదాంక ఆగుత. తర్వాత బండెక్కాలె." రాడ్లను ఆయన కట్టెలన్నాడు.

ఒక రాడ్డు దించాం. పొడి. ఆయన మోపెడ్ తాళంచెవి జేబులోంచి తీశాడు. రెండోది ఎక్కించాం. సగం దిగిందో లేదో, రాడ్ల కొసన బండను కొట్టే హ్యామర్ చప్పుడు మారింది. ఆ చప్పుడు మీకు చెప్పలేను. గట్టి తలుపు తడుతుంటే లోపల ఎవరో గడియ తీసినట్టు రాడ్డు ఒక్కసారి వదులైంది. లేస్తున్న పొడి ఆగిపోయింది. అసలేమీ రాలేదు. నేను బోరు మీదికి వంగాను. తర్వాత బూడిద రంగు ముద్దలు నాలుగు టపటపా వచ్చి నా ఛాతీ మీద పడ్డాయి. చేత్తో పట్టుకున్నాను. చల్లగా ఉన్నాయి.

"భాయ్, తడి!" అని అరిచేలోపే నీళ్లు లేచాయి. రిగ్గు సగం ఎత్తుకు, గోడ మీది పిల్లల మొహాల మీద పడేటంతగా లేచాయి. బురద నీళ్లు, తర్వాత తేట నీళ్లు. మా లెక్కలో రెండించుల పైమాటే, హాస్టలంతటికీ సరిపోయేన్ని నీళ్లు. పిల్లలు గోడ దూకి వచ్చి ఆ నీళ్ల కింద నిలబడ్డారు, వారం రోజుల స్నానం ఒక్కసారే చేశారు. మేడం కూడా చీరతోనే తడిసింది. అవ్వ మాత్రం దూరంగా నిలబడి, "వంటకు పట్టుకోనియ్యుండ్రే, బిందెలు తేపోండ్రే!" అని మొత్తుకుంటోంది.

పసుపు కాళ్లాయన దోసిలి పట్టి ఒక గుక్క తాగాడు. కూతురి వంక తిరిగి, "పెట్టె లోపల వెట్టుకోపో" అన్నాడు. "పరీక్షలైనంక వస్త."

భాయ్ లారీ పక్కకు పోయి తువ్వాల పరుచుకున్నాడు. నేను ఆయన పక్కనే బురదలో కూర్చుని ఏడ్చాను. గెలిచానని కాదు, గెలిచింది నేను కాదని ఖాయంగా తెలిసింది. అది ఎంత తేలికో! ముప్పై ఏళ్లుగా మోస్తున్న బరువేదో దిగిపోయినట్టుంది.

వెళ్లిపోయిన పదకొండు మంది కోసం మా సామాన్ల జీపిచ్చి మేడంను పంపాం. ట్రాక్టరు మనిషి కొత్త గొలుసుతో వచ్చాడు. రాడ్లు తీసి, జాకీలు లేపి, ఇక రాత్రంతా ఇక్కడేననుకుంటూ గొలుసు కట్టాం. ఒక్క లాగుకు బండి బయటికొచ్చింది. ఆయన నా వంక అనుమానంగా చూశాడు, పొద్దున నాటకమాడామేమోనని.

మెమో వచ్చింది, రాకుండా ఉంటుందా. అనుమతి లేని చోట బోరు ఎందుకు వేశావని. నేను జవాబు రాయకముందే నీళ్ల జాడ చూసే సారు ఆఫీసుకు పోయి, నాలుగో పాయింటు కూడా తనే నోటిమాటగా చెప్పానని ఫైలులో రాశాడు. ఎందుకట్ల రాశారని అడిగితే, "రాతిల ఒక నెర్రె అటు దిక్కు పోతున్నదని నాకు అనుమానముండె. శాంక్షన్ గోడ లోపలికే గాబట్టి అవతల వైరు పరవలే. నేను సూడాల్సిన జాగను మీ బండి సూసింది" అన్నాడు. కారణం ఆయన చెప్పాడు, నేను కాదనను. రాతిలో నెర్రె ఎప్పుడూ అక్కడే ఉంది. మమ్మల్ని దాని మీదికి తెచ్చి, పట్టుకుని, కదలకుండా నిలబెట్టిన చెయ్యి మాత్రం వేరే ఉంది. నేను తిట్టిన వాన, నేను సిగ్గుపడి పట్టిన బాట, తెగిన గొలుసు, ఆ చెయ్యి దేన్నీ పారేయలేదు.

ఇది చదివి చేతులు ముడుచుకుని కూర్చోమని నేను అనడం లేదమ్మా. సారు ఎండలో నిలబడి చూశాడు కాబట్టే మేము ఆ ఊళ్లో ఉన్నాం. బండిని లేపడానికి బురదలో దిగాం కాబట్టే అది సమంగా నిలబడింది. మన వంతు మనం చేయాల్సిందే. కానీ మన వంతు అయిపోయిన చోట లోకం అయిపోదు. నేను చూసింది అది.

ఇంకొకటి. దీన్ని పథకంలాగా వాడుకోవాలని కూడా చూడకండి. మేము ధర్పల్లి మండలంలో పని మొదలుపెట్టేసరికి ఈ ముచ్చట మాకన్నా ముందే అక్కడికి చేరింది. అక్కడి సర్పంచి పూలదండతో ఎదురొచ్చి, "ఉస్తాద్, మా ఊర్ల గూడ బండిని జర యాడన్న దిగవడెయ్యుండ్రి!" అన్నాడు. పొలం గట్లు తడిపి కూడా పెట్టాడు మహానుభావుడు. భాయ్ నవ్వలేక చచ్చాడు. బండి ఎక్కడా దిగబడలేదు. సారు పెట్టిన పాయింట్ల మీదే వేశాం. కొన్నింట్లో పడ్డాయి, కొన్నింట్లో పడలేదు.

పడని వాటిలో ఒకదాని మీద ఉన్నాం, పదో తరగతి పరీక్షల మొదటి రోజు. రెండు వందల యాభై అడుగులు దాటినా పొడే లేస్తోంది. ఊరి జనం ఒక్కొక్కరే ఖాళీ బిందెలతో వెనక్కి తిరుగుతున్నారు. ఫోను మోగింది. వార్డెన్ మేడం. కంప్రెసర్ ఆపించాను.

"ఎంతమంది వచ్చిండ్రు మేడం?" అన్నాను. నమస్తే కూడా చెప్పలేదు.

"సెంటర్ల మా పిల్లల బెంచీలు ఆ చివరి నుంచి ఈ చివరి దాంక నడిచి సూసొచ్చిన అన్నా" అంది. "ఒక్క జాగ గూడ ఖాళీ లేదు."

ఫోను జేబులో పెట్టుకున్నాను. "ఏమన్నది?" అన్నాడు భాయ్.

"అందరు రాస్తున్నరట."

"షుకర్" అన్నాడు పైకి చూసి. మొహం మీది తెల్లటి పొడి తువ్వాలతో తుడుచుకుని బోరు వైపు చూశాడు. నేను చెయ్యి ఊపాను. కంప్రెసర్ మళ్లీ మొదలైంది. ఇంకో రాడ్డు ఎక్కించాం.